హాలోవీన్‌కి ఇంటి ముందు దెయ్యాన్ని ఎలా కూర్చోబెట్టాలి: పిల్లలున్న తెలుగింటికి

అక్టోబరు రాగానే ఏదో ఒక రోజు మీ పిల్ల బడి నుంచి వచ్చి, "అమ్మా, మనింటి ముందు దెయ్యం ఎందుకు లేదు?" అని అడుగుతుంది. వీధిలో మిగతా ఇళ్ల ముందు ఉన్నాయి మరి. ఎదురింటి లాన్‌లో మేడంత అస్థిపంజరం, పక్కింటి చెట్టుకి వేలాడే గబ్బిలాలు. మాకు ఈ ప్రశ్న డాలస్ శివారులో ఇల్లు కొన్న ఏడాది ఎదురైంది. అప్పటిదాకా, హాలోవీన్ రాత్రి వేషాలేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ తిరిగే పిల్లలు తలుపు తట్టకుండా అపార్ట్‌మెంట్‌లో లైటు ఆర్పేసి కూర్చుని తప్పించుకున్నాం.

వీడియో కాల్‌లో మా అత్తగారు, "సంధ్యవేళ గుమ్మం ముందు దెయ్యాన్ని కూర్చోబెట్టుకుంటారటే!" అన్నారు. "మనూళ్లో కొత్తిల్లు కడితే దిష్టిబొమ్మ కట్టమా అత్తయ్యా? బూడిద గుమ్మడికాయకి కోరలు, మీసాలు గీసి వేలాడదీయమా?" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే గుమ్మడికాయ మంచిది చూసి కొను" అన్నారు.

మా ఇంట్లో ఇప్పుడు ఎలా చేసుకుంటామో, మొదట్లో చేసిన తప్పులతో సహా చెప్తాను. హాలోవీన్ ఎప్పుడూ అక్టోబరు 31నే, ఏ వారమైనా సరే. బడి మర్నాడు ఉందా లేదా అన్నది మాత్రం ముందే చూసుకోండి.

మొదట భయం సంగతి తేల్చుకోండి

అలంకరణలు కొనేముందు చేయాల్సిన పని ఇది. నేను చేయలేదు. మా చిన్నోడికి అప్పుడు మూడేళ్లు. రబ్బరు మాస్క్ ఒకటి తెచ్చి, తలుపు వెనక నక్కి, వాడు రాగానే "భౌ" అన్నాను. వాడు ఏడవలేదు. గోడకి అతుక్కుపోయి నా చేతుల వంక చూశాడు, గాజులు గుర్తుపట్టడానికి. మాస్క్ తీసేశాక కూడా నా దగ్గరికి రాలేదు. నాలుగు రాత్రులు లైటు వేసుకునే పడుకున్నాం.

ఆ వయసు పిల్లలకి లోపల ఉన్నది అమ్మేనని బుర్రకి తెలిసినా ఒంటికి తెలియదు. అందుకని ఇప్పుడు మా ఇంట్లో మూడు కట్టుబాట్లు. మాస్క్ ఏదైనా పిల్లల కళ్లముందే పెట్టుకోవాలి, అద్దం ముందు నిలబడి, ముందు వాళ్ల బొమ్మకి పెట్టి ఆ తర్వాత మనం. రెండోది, ఎవరైనా "చాలు" అంటే ఆట అక్కడే ఆగాలి, ఏడుపొచ్చేదాకా సాగదీయకూడదు. మూడోది, చీకట్లో ఆడే ఆట ఏదైనా టార్చిలైటు అందరికంటే చిన్నవాడి చేతిలో ఉండాలి. స్విచ్ తన వేలి కింద ఉంటే ఎంత పిరికి పిల్లయినా "ఇంకోసారి" అంటుంది.

ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటినవాళ్లతో తంటా వేరు. వాళ్లకి ఏదీ భయంగా ఉండదు, తమ్ముళ్లని మాత్రం భయపెట్టాలని ఉంటుంది. వాళ్లని ఊరికే ఉంచకుండా పని అప్పజెప్పండి: శబ్దాలు చేయడం, తలుపు కిర్రుమనిపించడం. మా పెద్దది సౌండ్ డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది. ఇనప గరిటెతో స్టీలు పళ్లెం మీద నెమ్మదిగా గీస్తే వచ్చే చప్పుడు ముందు దుకాణంలో అమ్మే దెయ్యాల రికార్డింగులు ఎందుకూ పనికిరావు.

వేషాలు

అక్టోబరు మొదటివారంలో పిల్లల్ని అడగండి, కానీ కొనకండి. పదిహేనో తారీఖున మళ్లీ అడగండి. మొదట డైనోసార్ అన్నవాడు రెండోసారి ఫైరింజన్ అంటాడు. రెండోసారి చెప్పిందే ఖాయం చేయండి.

ఎత్తుకోమని పేచీ పెట్టే వయసు పిల్లలుంటే ఖర్చులేని వేషం ఒకటుంది: నాన్న విక్రమార్కుడు, భుజం మీద బేతాళుడు. పిల్లాడికి తెల్ల పంచె చుట్టి, ముఖానికి కాస్త బూడిదరంగు పెయింట్, అట్టతో రెండు పొడుగు చెవులు. నాన్నకి తలపాగా, అట్టకత్తి. రెండు వీధులు తిరిగేసరికి పిల్లాడు ఎలాగూ భుజమెక్కుతాడు, అదే వేషమైపోతుంది. అమెరికన్ పక్కింటాయన "మీరెవరు?" అని అడిగితే సగం కథ చెప్పి, మిగతాది తెలిసీ చెప్పకపోతే నీ తల వెయ్యి వక్కలవుతుందని వచ్చేయండి. ఆయన ఏడాదంతా అడుగుతూనే ఉంటాడు.

దేవుడి వేషాల గురించి నా అభిప్రాయం చెప్తాను, నచ్చకపోతే వదిలేయండి. కృష్ణుడి పింఛం, పిల్లనగ్రోవి కృష్ణాష్టమికి ఉంచుకుందాం. మంత్రగత్తె పక్కన నిలబడి చాక్లెట్ అడిగే కృష్ణుణ్ణి చూసి ముచ్చటపడేది మనం మాత్రమే.

కొన్నా కుట్టినా చూసుకోవాల్సినవి: అంచు చీలమండ పైకి ఉండాలి, లేకపోతే మెట్ల దగ్గర బోర్లాపడతారు. లేబుల్ మీద ఫ్లేమ్ రెసిస్టెంట్ (తేలిగ్గా నిప్పంటుకోనిది) అని ఉందో లేదో చూడండి. సిల్కు చున్నీలు, పాలిస్టర్ రెక్కలు నిప్పు దగ్గరికి వెళ్లకూడదు. కళ్లకి అడ్డం వచ్చే మాస్క్ కంటే ముఖానికి రంగే మేలు, అయితే ఒకరోజు ముందు మణికట్టు మీద రాసి దద్దుర్లు వస్తాయేమో చూడండి. వీపు మీద మెరిసే రిఫ్లెక్టర్ టేపు అతికించండి. చెప్పులు, బూట్లు మాత్రం రోజూ వేసుకునేవే. చలి ఉన్న రాష్ట్రాల్లో ఒక సైజు పెద్దది కొంటే లోపల స్వెట్టర్ పడుతుంది. పైన కోటు వేస్తానంటే ఏ యువరాణీ ఒప్పుకోదు. బడికి కూడా అదే వేషంతో పంపేటట్లయితే ముందు టీచర్ పంపిన మెయిల్ చదవండి. చాలా బడుల్లో మాస్కులు, కత్తులు ఒప్పుకోరు.

గుమ్మడికాయ

అసలు పండగంతా దీని చుట్టూనే. నేను ఎక్కువ రాసేదీ దీని గురించే.

కొనడం: మా టెక్సస్‌లో ఫ్లాయ్‌డేడా అనే చిన్న ఊరు గుమ్మడికాయలకి పేరుమోసింది, అక్టోబరులో చర్చిల ఆవరణల్లోనూ, పొలాల దగ్గరా గుట్టలు పోసి అమ్ముతారు. దేశం మొత్తం మీద ఎక్కువ పండించేది ఇల్లినాయ్ రాష్ట్రం. ఎక్కడ కొన్నా చూసే పద్ధతి ఒకటే. తొడిమ పచ్చిగా, గట్టిగా ఉండాలి. కింద చదునుగా ఉండి నేల మీద కదలకుండా నిలబడాలి. బొటనవేలితో నొక్కితే ఎక్కడా దిగకూడదు. తొడిమ పట్టుకుని ఎత్తకండి, ఊడిపోతుంది. చంటిపిల్లని ఎత్తినట్టు కింద చెయ్యి వేసి ఎత్తండి. చెక్కడానికి పెద్దది ఒకటి, వంటకి "పై పంప్‌కిన్" (pie pumpkin) అని అమ్మే చిన్నది ఒకటి తీసుకోండి. చెక్కే కాయ కండ నీరునీరుగా, పీచుగా ఉంటుంది, పులుసులో వేస్తే రుచి రాదు.

ఎప్పుడు కోయాలి: ఇక్కడే మేం దెబ్బతిన్నాం. పిల్లల ఒత్తిడికి 24న కోసేశాం. అక్టోబరు చివరైనా డాలస్‌లో మధ్యాహ్నాలు ఎండ కాస్తుంది. నాలుగో రోజుకి దవడ లోపలికి పోయి, పళ్లు లేని ముసలమ్మలా అయింది. లోపల తెల్లటి బూజు, చుట్టూ ఈగలు. వేడి ఊళ్లలో ఉన్నవాళ్లు 30 సాయంత్రం కోయండి. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల నాలుగైదు రోజుల ముందు కోసినా నిలుస్తుంది. కోయకుండా ఉంచితే మాత్రం వారాల తరబడి ఉంటుంది, అందుకని ముందే కొని గుమ్మంలో పెట్టుకోవచ్చు.

గుమ్మడికాయకి మొదటి గాటు ఆడవాళ్లు పెట్టకూడదని కొన్ని ఇళ్లలో పట్టింపు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ మొదటి పోటు మీ ఆయన చేత వేయించండి. ఎలాగూ గట్టి పనే, చేయనివ్వండి.

కోసే విధానం. నేల మీద పాత పేపర్లు పరవండి. వంటింటి చాకు వద్దు, జారుతుంది. సూపర్ మార్కెట్లో పిల్లల కోసమని చిన్న రంపంపళ్ల కత్తులు దొరుకుతాయి, అవి మొద్దుగా ఉన్నా పని బాగా చేస్తాయి. పైన మూత కోసేటట్లయితే రంపాన్ని నిట్టనిలువుగా కాకుండా మధ్యకి వంచి పట్టుకోండి. నిలువుగా కోస్తే మూత బుడుక్కున లోపల పడిపోతుంది. ఎల్‌ఈడీ దీపం పెట్టేవాళ్లు మూత బదులు అడుగు కోసేస్తే ఇంకా సుఖం. దీపం నేల మీద పెట్టి కాయని దాని మీద బోర్లించడమే.

లోపలి గుజ్జు తీయడం పిల్లల పని. చేతులు పెట్టి పీకమనండి. మొదట "ఛీ" అంటారు, రెండు నిమిషాల తర్వాత మోచేతుల దాకా ఉంటుంది. అంటుకున్న పీచుని గీరడానికి ఐస్‌క్రీం గరిటెని మించింది లేదు. ముఖం చెక్కే వైపు గోడ అంగుళం మందం అయ్యేదాకా గీరండి. మందంగా వదిలేస్తే కోయడం కష్టం, వెలుతురూ బయటికి రాదు.

ముఖం ఎవరు గీయాలి? పిల్లలే. వైట్‌బోర్డు మార్కరు ఇవ్వండి, తప్పయితే తుడిచేయొచ్చు. మీరు గీతల మీద కోయండి. వంకర కళ్లు, ఒకే పన్ను, ముక్కు చోట చెవి, ఏం గీస్తే అదే. మా చిన్నోడి భయం పోయింది ఇక్కడే. తను గీసిన ముఖం చీకట్లో వెలిగేసరికి వాడే దాని ఎదురుగా వెళ్లి కూర్చుని, "వీడు నేను చెప్తేనే అరుస్తాడు" అన్నాడు. ఐదేళ్ల లోపు పిల్లలకి కత్తి ఇవ్వకండి. వాళ్లకి విడిగా ఓ చిన్న కాయ ఇచ్చి రంగులు, స్టిక్కర్లతో వదిలేయండి.

కోసిన అంచులకి కాస్త వ్యాజిలీన్ రాస్తే త్వరగా వాడిపోదు. లోపల నిజం కొవ్వొత్తి పెట్టొద్దు, ఎల్‌ఈడీ దీపమే పెట్టండి. అందులో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ విషయంలో మాత్రం జాగ్రత్త. పసిపిల్లలు మింగితే గొంతులో కాలిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సిన విషయం. బ్యాటరీ మూతకి స్క్రూ ఉన్న దీపాలే కొనండి.

గింజలు పారేయకండి. పీచు కడిగేసి, గుడ్డ మీద రాత్రంతా ఆరబెట్టండి. కప్పు గింజలకి చెంచా నూనె, ఉప్పు, జీలకర్ర పొడి పట్టించి, ఓవెన్‌లో 325 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు వేయించండి, మధ్యలో ఒకసారి కలిపి. కారం దించాకే చల్లాలి. ముందే కలిపితే మాడి, ఇల్లంతా దగ్గులు, స్మోక్ అలారం మోత.

గుజ్జు తీస్తున్నంతసేపూ పిల్లలకి కథ కావాలి. ఐర్లాండ్‌లో చెప్పే జాక్ కథ చెప్పండి. జాక్ పిసినారి, పచ్చి మోసగాడు. సైతానునే బురిడీ కొట్టించి, నన్ను నరకానికి తీసుకెళ్లనని మాటివ్వమన్నాడు. చచ్చాక స్వర్గంలోకి రానివ్వలేదు, నరకానికి వెళ్తే మాట ఇచ్చాను కదా పో అన్నాడు సైతాను, దారి చూసుకోమని ఓ నిప్పుకణిక విసిరాడు. దాన్ని తొలిచిన టర్నిప్ దుంపలో పెట్టుకుని ఇప్పటికీ చీకట్లో తిరుగుతున్నాడట. మన కొరివి దెయ్యానికి వరసకి అన్నదమ్ముడన్నమాట. ఐర్లాండ్ వాళ్లు దుంపలే చెక్కేవారు. 19వ శతాబ్దంలో కరువుకి తాళలేక ఓడలెక్కి అమెరికా వచ్చాక, ఇక్కడ గుమ్మడికాయ పెద్దదిగా, తొలవడానికి తేలిగ్గా దొరికింది. అసలీ పండగకి మూలం కూడా ఆ వైపే. పంట చేతికొచ్చి చలికాలం మొదలయ్యే వేళ, చచ్చినవాళ్లు తిరిగొస్తారని కెల్టిక్ జనం జరుపుకున్న సావిన్. తర్వాత క్రైస్తవుల సకల పునీతుల పండగ నవంబరు 1న స్థిరపడింది, దాని ముందురాత్రి హాలోవీన్ అయింది. పిల్లలకి ఇంత చరిత్ర అక్కర్లేదు, జాక్ చాలు. మీకు తెలిసి ఉంటే మంచిదని రాశాను.

గుమ్మం

దుకాణంలో వందల డాలర్లు పోయనక్కర్లేదు. పాత చొక్కా, ప్యాంటులో ఎండాకులు కుక్కి కుర్చీలో కూర్చోబెట్టండి. బూట్లు మాత్రం వెనక్కి తిప్పి పెట్టండి. మన దెయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయి కదా. వీధిలో పిల్లలంతా ఆ బూట్ల దగ్గర ఆగి, "ఎందుకలా?" అని అడుగుతారు. మా పెద్దది గర్వంగా చెప్తుంది.

తలుపు మీద నల్ల చార్టు అతికించి సుద్దముక్కతో "ఓ స్త్రీ రేపు రా" అని రాయించండి. మన ఊళ్లలో గోడల మీద చూసిన రాతే. దెయ్యం వచ్చి చదివి, సరే రేపొద్దామని వెళ్లిపోతుంది. రేపొచ్చినా రేపు రమ్మనే ఉంటుంది. ఆదివారం తెలుగు క్లాసులో ఏడిపించే మా పిల్ల, ఆ "స్త్రీ" కోసం సకి తవత్తు, రవత్తు, గుడి దీర్ఘం అన్నీ తనంతట తనే నేర్చుకుని ఐదుసార్లు రాసింది.

ఒక్కో ఏడాది దీపావళి దీనికి బాగా దగ్గరగా వస్తుంది. 2024లో ఐతే రెండూ ఒకే రోజు. మేం పూజ, దీపాలు ముందు కానిచ్చి, వేషాలు తర్వాత వేశాం. ప్రమిదల్ని గుమ్మం మెట్ల మీద కాక కిటికీ అద్దం లోపలివైపు పెట్టాం. మెట్ల మీద పాలిస్టర్ రెక్కలు ఊపుకుంటూ యాభైమంది పిల్లలు వస్తారు, నూనెదీపం అక్కడ వద్దు.

పంచడానికి ఏం కొనాలి

కొత్త వీధి అయితే ఎంతమంది వస్తారో పక్కింటివాళ్లని అడగండి. మా వీధిలో అరవై, డెబ్భైమంది. ఒక్కొక్కరికి రెండు చొప్పున 150 ముక్కల సంచి ఒకటి సరిపోతుంది. ముందే కొంటే అటక మీద దాచండి. మేం వంటింట్లో పెట్టి రెండుసార్లు కొన్నాం.

శాకాహారులు లేబుల్ చూడాల్సిన పండగ ఇది. గమ్మీలు, మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. గుడ్డు కూడా తినని ఇళ్లవాళ్లు స్నికర్స్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుందని గుర్తుపెట్టుకోండి. చిన్న ప్యాకెట్ల మీద ఒక్కోసారి పదార్థాల జాబితా ఉండదు, పెద్ద సంచి మీదే ఉంటుంది, అందుకని పిల్లలు తెచ్చినవాటికి ఫోన్‌లో వెతుక్కోవాలి. పిల్లలకి ముందే చెప్పుకోండి: అక్కడ ఎవరిచ్చినా థ్యాంక్యూ చెప్పి తీసుకోవాలి, మన ఇంట్లో తినేదీ తిననిదీ ఇంటికొచ్చాక చూద్దాం. గుమ్మంలో నిలబడి "ఇందులో బీఫ్ ఉందా?" అని అడిగించకండి.

కొన్ని ఇళ్ల ముందు నెమలికంఠం రంగు గుమ్మడికాయ కనిపిస్తుంది. వేరుశనగ, పాలు లాంటివి పడని పిల్లల కోసం ఇక్కడ తినేవి కాక బొమ్మలు, పెన్సిళ్లు కూడా ఉన్నాయని దానర్థం. 2012లో టెనెసీలో మొదలై, 2014 నుంచి దేశమంతా పాకింది. మీరూ ఒక చిన్న కాయకి ఆ రంగు వేసి, పక్కన స్టిక్కర్లు, మెరిసే ఉంగరాలు ఒక గిన్నెలో పెట్టండి.

ఆ సాయంత్రం

కడుపు నింపి పంపడం అన్నిటికన్నా ముఖ్యం. ఐదింటికల్లా తినిపించేయండి. మా ఇంట్లో ఆ రోజు చిన్న ఇడ్లీలే: ఒక్కోదానికి రెండు నల్ల ఆలివ్ ముక్కలు కళ్లు, టొమాటో పచ్చడి నెత్తురు. ఓపిక ఉంటే జంతికల పిండిని వేళ్లలా చేసి, చివర బాదంపప్పు గోరులా నొక్కి వేయించండి. చూడ్డానికి ఘోరంగా ఉంటాయి, మొదట అయిపోయేవి అవే.

తిన్నాక చీకటి పెట్టెల ఆట. నాలుగు చెప్పుల పెట్టెలకి చెయ్యి పట్టేంత కన్నం చేయండి. ఒకదాంట్లో ఉడికించి చల్లార్చిన సేమ్యా, అవి పేగులు. ఇంకోదాంట్లో నానబెట్టిన సబ్జా గింజలు, కప్ప గుడ్లు. మూడోదాంట్లో ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్‌గా దొరికే తాటిముంజలు, కనుగుడ్లు. నాలుగోదాంట్లో లేత బెండకాయలు, మంత్రగత్తె వేళ్లు. తడివాటిని గిన్నెల్లో పోసి పెట్టెల్లో దించండి. లైట్లు తగ్గించి, అక్క గొంతు మార్చి కథ చెప్తుంటే తమ్ముడు చెయ్యి పెట్టాలి. టార్చి వాడి రెండో చేతిలో. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెలిగించి చూసుకోవచ్చు. మావాడు తాటిముంజ పట్టుకుని కెవ్వున అరిచి, లైటు వేసి చూసి, నోట్లో వేసుకున్నాడు.

వీధిలోకి వెళ్లడం ఆరున్నర ప్రాంతంలో. అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పేది 2007 నుంచి నవంబరు మొదటి ఆదివారం కాబట్టి హాలోవీన్ నాటికి సాయంత్రాలు ఇంకా పొడుగ్గానే ఉంటాయి. కొన్ని ఊళ్లు ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా అని సమయం కూడా ప్రకటిస్తాయి, చూసుకోండి. మర్యాదలు పెద్దగా లేవు. పోర్చ్ లైటు వెలుగుతుంటే రమ్మని, ఆర్పి ఉంటే వద్దని. తలుపు తీయగానే "ట్రిక్ ఆర్ ట్రీట్", ఇవ్వగానే థ్యాంక్యూ. గిన్నె బయట పెట్టి ఒకటి తీసుకోమని రాసి ఉంటే ఒకటే. పచ్చిక తొక్కకుండా దారి మీదే నడవాలి. రోడ్డు మూలలోనే దాటాలి, ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి దూరకూడదు. పిల్లలు కార్ల కింద పడే ప్రమాదం మామూలు సాయంత్రాల కంటే ఆ రాత్రి ఎక్కువ. మిగతా భయాలన్నిటికంటే టెన్షన్ పడాల్సింది దీనికే.

ఇంట్లో ఒకరు ఉండాలి, వచ్చేవాళ్లకి పంచడానికి. పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చి ఉంటే ఆ పని వాళ్లకి ఇవ్వండి. నిరుడు మా అత్తగారు పోర్చ్‌లో శాలువా కప్పుకుని కూర్చున్నారు. తన చిన్నప్పుడు దసరాకి పంతులుగారు పిల్లల్ని వెంటేసుకుని, రంగురంగుల విల్లంబులతో ఇంటింటికీ తిరిగి పాడించేవారట, పిల్లలకి పప్పుబెల్లాలు పెట్టేవారట. "ఇదీ అదే కదే, పాటొక్కటే లేదు" అన్నారు. పాట లేదన్న లోటు ఆవిడకి ఎంత ఉందంటే, ప్రతి పిల్లనీ ఏదైనా పాడితే గానీ రెండోది ఇవ్వనన్నారు. చాలామంది పాడారు. ఒకటి మాత్రం ఆవిడకి చెప్పి ఉంచాను: మాట రాని పిల్లలు, సిగ్గుపడే పిల్లలు వస్తారు, వాళ్లని ఏమీ అడక్కుండా ఇచ్చేయాలి. ఎనిమిదికి లైటు ఆర్పేస్తే గంట మోగడం ఆగుతుంది.

ఇంటికొచ్చాక

బకెట్ నేల మీద బోర్లించి మీరే ఏరండి. కాగితం ఊడినవి, ఇంట్లో చుట్టినట్టున్నవి పారేయండి. నాలుగేళ్ల లోపు పిల్లలుంటే గట్టి బిళ్లలు, వేరుశనగలు, నమిలే గమ్మీలు పక్కకి తీయండి, గొంతులో ఇరుక్కుంటాయి. కుక్క ఉంటే చాక్లెట్లు దానికి అందని ఎత్తులో పెట్టండి, దానికవి విషం. ఆ రాత్రికి నాలుగు తిననివ్వండి, పళ్లు తోమించండి, మిగతావి డబ్బాలో వేసి రోజుకొకటి. రోజుకొకటి అన్నాక ఏం జరుగుతుందో తెలిసిందే. "డబ్బాలో ఎవరు చెయ్యి పెట్టారో" అని ఊరికే గాలికి అనండి, గుమ్మడికాయల దొంగ తనే భుజాలు తడుముకుంటాడు. మావాడు భుజాలు కాదు, మూతి తుడుచుకున్నాడు.

బయట పెట్టిన కాయని వండకండి. దాన్ని రెండో రోజే తీసి, పెరటి మూలలో ముక్కలు చేసి వేస్తే ఉడతలు చూసుకుంటాయి, లేదా కంపోస్ట్ బిన్‌లో పడేయండి. పై పంప్‌కిన్‌తో ఆ ఆదివారం దప్పళం పెట్టుకోండి. పడేసే ముందు లోపల దీపం తీయడం మాత్రం మర్చిపోకండి. మేం మర్చిపోయాం. ఆ రాత్రి పదింటికి మంచినీళ్ల కోసం లేచి చూస్తే, పెరట్లో బిన్ మూత సందులోంచి నారింజరంగు వెలుతురు మిణుకుమిణుకుమంటోంది. చిన్నోడు నాకంటే ముందే కిటికీ దగ్గర ఉన్నాడు. పిలుద్దామని నోరు తెరిచేలోపు వాడే కిటికీ కాస్త తెరిచి, దానికేసి వేలు చూపించి, "రేపు రా" అని చెప్పి వెళ్లి పడుకున్నాడు.